ఆఫీసు స్థలంలో అపార్ట్‌మెంట్లు: ఒక నగర భూ వినియోగ మార్పిడి సేవపై సమీక్ష

అమెరికాలోని ఒక మధ్యతరహా నగరంలో ప్రణాళికా విభాగం అందించే భూ వినియోగ మార్పిడి సేవపై ఈ సమీక్ష. పాతబడిపోయి, సగానికి పైగా గదులు ఖాళీగా పడి ఉన్న ఒక రెండంతస్తుల ఆఫీసు సముదాయంలో నాకు కొంత వాటా ఉంది. ఆ స్థలాన్ని ఆఫీసు జోన్ నుంచి బహుళ కుటుంబ నివాసాల జోన్‌కు, అంటే అపార్ట్‌మెంట్లు కట్టుకోదగిన జోన్‌కు, మార్చాలని కోరుతూ వాటాదారులందరం కలిసి దరఖాస్తు పెట్టుకున్నాం. ఆ విధంగా ఈ సేవను తొలి సంప్రదింపు మొదలుకొని సిటీ కౌన్సిల్ ఓటు వరకు దగ్గరగా చూసే అవకాశం కలిగింది. నగరం పేరు చెప్పడం లేదు. నేను ఎత్తిచూపే లోపాల్లో చాలా వరకు ఆ కార్యాలయంలోని మనుషులవి కావు, దశాబ్దాలుగా పేరుకుపోయిన పద్ధతివి.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. పటం మీద ఒక స్థలానికి ఉన్న జోన్ అక్షరాన్ని, అంటే అక్కడ ఏం కట్టవచ్చో చెప్పే గుర్తును, మార్చే పనిని ఈ విభాగం శ్రద్ధగా, మర్యాదగా, పారదర్శకంగా చేస్తుంది. కానీ ఆ అక్షరం వెనుక ఉండే కొలతలను, అంటే ఎత్తు, సెట్‌బ్యాక్ (స్థలం సరిహద్దు నుంచి భవనం దాకా వదలాల్సిన ఖాళీ), ఎకరాకు ఇళ్ల సంఖ్య, పార్కింగ్ వంటివాటిని, ఆ స్థలానికి సరిపోతాయో లేదో చూసే బాధ్యతను ఎవరి బల్ల మీదా పెట్టదు. ఇళ్లు లేస్తాయా లేదా అన్నది తేల్చేవి మాత్రం ఆ కొలతలే. కాబట్టి తీర్మానం చేతికి వచ్చిన తరువాత కూడా దరఖాస్తుదారు చేతిలో ఉండేది కట్టుకునే వీలు కాదు, మరో దరఖాస్తు పెట్టుకునే అర్హత మాత్రమే.

ఈ సేవ అసలు ఎందుకు అవసరమైందో కొంచెం చెప్పాలి. ఇళ్లు ఒకచోట, పనిచేసే చోట్లు ఇంకొకచోట ఉండాలన్న పద్ధతికి అమెరికాలో నూరేళ్లు దాటాయి. 1916లో న్యూయార్క్ నగరం మొత్తానికీ వర్తించే జోనింగ్ నిబంధనలు తెచ్చింది; 1926లో ఒహాయోలోని యూక్లిడ్ గ్రామానికీ ఆంబ్లర్ రియాల్టీ అనే సంస్థకూ మధ్య నడిచిన దావాలో సుప్రీంకోర్టు జోనింగ్ రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. జస్టిస్ సదర్లాండ్ రాసిన ఆ తీర్పులో ఒంటి ఇళ్ల (ఒక్కో కుటుంబానికి విడిగా కట్టిన ఇళ్ల) వాడలో వెలిసే అపార్ట్‌మెంటును పరాన్నజీవితో పోల్చడం గమనించదగ్గది, ఎందుకంటే నేటి బహిరంగ విచారణల్లో వినిపించే మాటలకు మూలం అక్కడే కనిపిస్తుంది. అలా గీసిన గీతల వల్ల ఆఫీసులకని కేటాయించిన భూమిలో ఇళ్లు కట్టడానికి వీల్లేకుండా పోయింది. 2020 తరువాత ఇంటి నుంచి పని చేసే అలవాటు స్థిరపడి, పాత ఆఫీసు భవనాలు అద్దెదారులు లేక మూలుగుతున్నా, పక్క వీధిలో ఇళ్లు దొరక్క జనం అవస్థ పడుతున్నా, ఆ గీత మాత్రం ఉన్నచోటే ఉంది. దాన్ని చెరపడానికి ఉన్న మార్గమే ఈ మార్పిడి సేవ.

ముందుగా మెచ్చుకోవలసినవి. దరఖాస్తుకు ముందు జరిగే సంప్రదింపు సమావేశం ఈ సేవలో అన్నిటికంటే విలువైన భాగం. ఒకే గదిలో ప్రణాళికాధికారి, రోడ్ల విభాగం ఇంజనీరు, నీటి, మురుగునీటి విభాగం ప్రతినిధి, అగ్నిమాపక శాఖ ఉద్యోగి కూర్చుని మన స్థలం నక్షా మీద ఎవరికి వారు గుర్తులు పెడతారు. అగ్నిమాపక వాహనం తిరగడానికి కావలసిన వంపు ఎంత, ఇప్పుడున్న మురుగు గొట్టం వ్యాసం ఎంత, ఏ రోడ్డు వైపు గేటు పెట్టకూడదు వంటి విషయాలు అక్కడే తేలిపోతాయి. ఆఫీసు భవనంలో నీటి వాడకం పగటి పూట కొద్దికొద్దిగా సాగుతుందనీ, ఇళ్లలో పొద్దునా సాయంత్రమూ ఒక్కసారిగా పెరుగుతుందనీ, అందువల్ల నిన్నటి దాకా చాలిన గొట్టం రేపు చాలకపోవచ్చనీ ఆ ఇంజనీరు వివరించిన తీరు మాకు చాలా ఉపయోగపడింది. ఈ సమావేశం లేకపోతే ఈ సంగతి పునాదులు తవ్వే వేళకు గానీ తెలిసేది కాదు.

నగరం వెబ్‌సైటులోని జోనింగ్ పటం కూడా బాగుంది. స్థలం మీద నొక్కితే జోన్, మాస్టర్ ప్లాన్‌లో ఆ ప్రాంతానికి రాసిన భవిష్యత్ వినియోగం, వరద ముంపు పరిధి, చారిత్రక కట్టడాల పరిధి వరుసగా కనిపిస్తాయి. పక్కనే వినియోగాల పట్టిక ఉంటుంది: నిలువు వరుసల్లో జోన్లు, అడ్డు వరుసల్లో వినియోగాలు, గళ్లలో అక్షరాలు. ‘పి’ అని ఉంటే నేరుగా అనుమతి, ‘సి’ అని ఉంటే షరతులతో, ఖాళీగా ఉంటే కుదరదు. ఆఫీసు జోన్ కింద హోటల్‌కు ‘పి’ ఉంది, నర్సింగ్ హోమ్‌కు ‘సి’ ఉంది, అపార్ట్‌మెంట్ గడి ఖాళీగా ఉంది. రాత్రిపూట అపరిచితులు నిద్రపోవడానికి అభ్యంతరం లేదు గానీ, ఒక కుటుంబం ఏడాది పొడవునా అక్కడ ఉంటానంటే మాత్రం అభ్యంతరమన్నమాట. ఈ పట్టికను ఎవరు ఏ ఆలోచనతో తయారు చేశారో అడిగితే, పాత పట్టిక నుంచి యథాతథంగా తీసుకున్నామని సమాధానం వచ్చింది.

సిబ్బంది తయారు చేసిన నివేదిక నాణ్యమైనది. మాస్టర్ ప్లాన్‌కు అనుగుణంగా ఉందా, చుట్టుపక్కల వినియోగాలతో పొసుగుతుందా, ఒక్క స్థలానికే ప్రత్యేక లబ్ధి కలిగించే స్పాట్ జోనింగ్ కిందకు వస్తుందా అన్న మూడు ప్రశ్నలకూ సూటిగా జవాబులు రాశారు. ట్రాఫిక్ లెక్క కూడా వేశారు. రవాణా ఇంజనీర్ల సంస్థ ఐటీఈ 2021లో వెలువరించిన ట్రిప్ జనరేషన్ మాన్యువల్ 11వ ముద్రణ ప్రకారం సాధారణ ఆఫీసు భవనానికి ప్రతి 1,000 చదరపు అడుగులకు పనిరోజున 10.84 వాహన రాకపోకలు ఉంటాయి. మధ్యస్థ ఎత్తు అపార్ట్‌మెంట్లలో ఒక్కో ఇంటికి 4.54 ఉంటాయి. సాయంత్రపు రద్దీ గంటలో ఆఫీసుకు 1.44, ఇంటికి 0.39. ఈ సగటులను 50,000 చదరపు అడుగుల ఆఫీసుకూ వంద ఇళ్లకూ వర్తింపజేస్తే, రోజుకు 542 రాకపోకలు 454 అవుతాయి, రద్దీ గంటలో 72 కాస్తా 39 అవుతాయి. అంటే ఇళ్లు వస్తే రోడ్డు మీద ఒత్తిడి తగ్గాలి.

అయితే ఈ లెక్కను విచారణలో ఎవరూ నమ్మలేదు, దానికి కారణం ఉంది. నివేదిక పోల్చింది అద్దెదారులతో నిండిన ఆఫీసుతో. పక్కింటివారు పోల్చుకున్నది తమ కళ్ల ముందున్న ఖాళీ ఆఫీసుతో. ఖాళీ భవనం పక్కన ఏది వచ్చినా రద్దీ పెరిగినట్టే కనిపిస్తుంది. ఆ భవనానికి చట్టప్రకారం రేపే అద్దెదారులు రావచ్చనీ, వస్తే ఎవరి అనుమతీ అక్కర్లేదనీ, కాబట్టి పోలిక ఆ స్థితితోనే జరగాలనీ నివేదికలో ఒక్క పేరా రాసి ఉంటే సగం వాదన అక్కడే చల్లారేది. ఇంత శ్రమపడి సంఖ్యలు సమకూర్చిన విభాగం వాటిని చదివేవాడి వైపు నుంచి ఆలోచించకపోవడం నాకు వింతగా తోచింది.

నోటీసు ఇచ్చే పద్ధతి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పార్కింగ్ పక్క గడ్డిలో ఒక బోర్డు పాతారు, నిర్ణీత దూరంలోని యజమానులకు ఉత్తరాలు పంపారు. ఉత్తరాలు యజమానులకే వెళ్తాయి తప్ప అద్దెకు ఉండేవారికి వెళ్లవు. కొత్త అపార్ట్‌మెంట్ల వల్ల మేలు పొందే అవకాశం ఉన్నవారికే కబురు అందకపోవడం ఈ ఏర్పాటులోని తమాషా.

బహిరంగ విచారణ రెండు చోట్ల జరుగుతుంది. మొదట ప్రణాళికా సంఘం విని సిఫారసు చేస్తుంది; తరువాత సిటీ కౌన్సిల్ విని నిర్ణయిస్తుంది. మొదటిది సేవలా ఉంటుంది, రెండవది రాజకీయంలా ఉంటుంది. సంఘం సభ్యులు నివేదిక చదివి వచ్చారు, అడిగిన ప్రశ్నలు నీడ ఎంత దూరం పడుతుంది, చెత్త డబ్బాలు ఎక్కడ పెడతారు అన్న స్థాయిలో ఉన్నాయి. కౌన్సిల్ దగ్గరకు వచ్చేసరికి నివేదికలోని అంశాలు వెనక్కి పోయి, ఎంతమంది వచ్చి మాట్లాడారన్నది ముందుకు వచ్చింది. కొన్ని రాష్ట్రాల చట్టాలు ఈ ధోరణికి మరింత బలమిచ్చాయి. టెక్సస్‌నే తీసుకుంటే, 200 అడుగుల పరిధిలోని భూమిలో 20 శాతానికి యజమానులైనవారు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే కౌన్సిల్‌లో నాలుగింట మూడు వంతుల ఓట్లు కావలసి వచ్చేది. నివాసాలకు సంబంధించిన మార్పుల విషయంలో ఆ నిబంధనను 2025లో సడలించారు. కొద్దిమంది పొరుగువారి సంతకాలకు కౌన్సిల్ సాధారణ మెజారిటీని మించిన బలం ఇవ్వడం ఏ విధంగానూ న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇక అసలు లోపానికి వస్తాను. శివారు ఆఫీసు సముదాయాలకు 1,000 చదరపు అడుగులకు నాలుగు కార్ల చొప్పున పార్కింగ్ పెట్టడం మామూలు. ఆ లెక్కన 50,000 చదరపు అడుగుల ఆఫీసుకు 200 కార్ల చోటు కావాలి. కారు నిలిచే గడితో పాటు దారిని కూడా కలుపుకుంటే ఒక్కోదానికి దాదాపు 325 చదరపు అడుగులు పడుతుంది. మొత్తం 65,000 చదరపు అడుగులు, అంటే ఇంచుమించు ఎకరంన్నర. భవనం రెండంతస్తులదైతే అది ఆక్రమించేది 25,000 చదరపు అడుగులే. ఆఫీసు భూమి అని మనం అనుకునేది నిజానికి చాలా వరకు తారు పరిచిన ఖాళీ జాగా. ఇళ్లు రావలసింది ఆ జాగాలోనే.

ఇప్పుడు అపార్ట్‌మెంట్ల జోన్ కొలతల పట్టిక చూడండి. మా నగరంలో ఇంటికి రెండు కార్ల చోటు తప్పనిసరి. వంద ఇళ్లు కడితే మళ్లీ 200 కార్లు, మళ్లీ అదే ఎకరంన్నర. జోన్ మారింది, ఆఫీసు పోయింది, ఇళ్లు వచ్చాయి, కానీ ఒక్క గజం తారు కూడా ఖాళీ కాలేదు. ఇంటికి ఒక్క కారు చాలునంటే 32,500 చదరపు అడుగులు, అంటే ముప్పావు ఎకరం, మిగిలేది. పిల్లలు ఆడుకునే చోటైనా, మరో భవనమైనా అందులో పట్టేది. లేదంటే అంతస్తుల పార్కింగ్ కట్టాలి, దాని ఖర్చు చివరికి అద్దెల్లోనే తేలుతుంది. బఫలో నగరం 2017లోనే కనీస పార్కింగ్ నిబంధనను ఎత్తేసింది, ఆస్టిన్ 2023లో అదే పని చేసింది కాబట్టి ఇది కొత్త ఆలోచనేమీ కాదు.

పార్కింగ్‌తో పాటు పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది. ఒంటి ఇళ్ల జోన్‌కు ఆనుకుని ఉన్న స్థలంలో, సరిహద్దు నుంచి 100 అడుగుల వరకు రెండంతస్తులకు మించి కట్టకూడదు. మా స్థలానికి వెనుక వైపున ఒంటి ఇళ్లే ఉన్నాయి. నాలుగంతస్తుల జోన్ అని తీర్మానంలో రాశారు గానీ, గమనికను అన్వయిస్తే స్థలంలో సగానికి అది వర్తించనే వర్తించదు. తొలి సమావేశంలోనే ఎన్ని ఇళ్లు పడతాయని మేము అడిగితే, అది భవన అనుమతి దశలో చూసే విషయమని చెప్పారు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా జోన్ మార్చడం కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టి, తరువాత సరిచేయించుకోమని మరో దర్జీ దగ్గరకు పంపడం లాంటిది.

ఆ మరో దర్జీ ఎవరంటే సర్దుబాటు బోర్డు. పార్కింగ్‌లో, ఎత్తులో మినహాయింపు కావాలంటే అక్కడికి వెళ్లాలి. వేరే దరఖాస్తు, వేరే రుసుము, వేరే విచారణ. చిక్కు ఏమిటంటే, మినహాయింపు ఇవ్వాలంటే స్థలం ఆకారం, వాలు వంటి ప్రత్యేక పరిస్థితి వల్ల నిబంధన పాటించడం దుర్భరమవుతోందని చూపాలి. ఖర్చు గిట్టుబాటు కాదన్నది సాధారణంగా కారణంగా చెల్లదు. చదునైన, చతురస్రమైన ఆఫీసు స్థలానికి అలాంటి ఇబ్బంది చూపడం కష్టం. నిబంధన తప్పయితే నిబంధననే మార్చాలి, అంటే జోనింగ్ నియమావళి పాఠాన్ని సవరించాలి. ఆ సవరణకూ దరఖాస్తు పెట్టుకోవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. అది మార్పిడి దరఖాస్తుతో కలిపి ఒకే విచారణలో పెట్టుకోవచ్చని ఆ తరువాతెప్పుడో నియమావళి తిరగేస్తుంటే తెలిసింది.

ఇంకొకటి కూడా చెప్పి తీరాలి. ఆఫీసు పార్కుల్లో స్థలాలు అమ్మేటప్పుడు పాత యజమానులు దస్తావేజుల్లో షరతులు రాయించడం రివాజు: ఇక్కడ నివాసాలు కట్టకూడదు, పార్కింగ్ పక్క భవనంతో కలిపి వాడుకోవాలి, ముందు భాగంలో ఇంత పచ్చిక ఉండాలి వంటివి. నగరం జోన్ మార్చినంత మాత్రాన ఇవి రద్దు కావు. అవి ప్రైవేటు ఒప్పందాలు. వాటిని సడలించాలంటే పక్క యజమానుల సమ్మతి గానీ కోర్టు ఉత్తర్వు గానీ కావాలి. విభాగం ఇచ్చే దరఖాస్తు పత్రాల జాబితాలో దస్తావేజు నకలు ఉంది గానీ, ఈ షరతుల గురించి హెచ్చరిక ఎక్కడా లేదు. రుసుము కట్టి, సర్వే చేయించి, వాస్తుశిల్పికి డబ్బిచ్చిన తరువాత ఇది బయటపడితే దరఖాస్తుదారు గతి ఏమిటి?

కౌన్సిల్ ఆమోదంతో పాటు విధించిన షరతుల్లో చాలా వరకు సబబైనవే. ఒకటి మాత్రం నిరుపయోగం. రోడ్డు వైపు కింది అంతస్తు అంతా దుకాణాలకే కేటాయించాలన్నారు. ఆఫీసులే నిలవని వీధిలో దుకాణాలు నిలుస్తాయన్న నమ్మకం ఎక్కడిదో తెలియదు.

ఇదే పనిని ఇతర చోట్ల ఎలా చేస్తున్నారో పక్కన పెట్టి చూస్తే ఈ సేవ స్థాయి స్పష్టమవుతుంది. కాలిఫోర్నియా 2022లో చేసి, 2023 జులై 1 నుంచి అమలు చేసిన ఏబీ 2011 (ఇది బిల్లు సంఖ్య, ఏడాది కాదు) చట్టం ప్రకారం ఆఫీసు, దుకాణాలు, పార్కింగ్‌కు కేటాయించిన వాణిజ్య వీధుల్లోని భూమిలో, అందుబాటు ధర ఇళ్ల వాటా, కార్మికుల వేతనాల వంటి షరతులు నెరవేరిస్తే, జోన్ మార్పిడి లేకుండానే అపార్ట్‌మెంట్లు కట్టవచ్చు. 150 ఇళ్ల లోపు దరఖాస్తు నిబంధనలకు సరిపోతుందో లేదో అధికారులు 60 రోజుల్లో చెప్పాలి. ఫ్లోరిడా 2023లో తెచ్చిన లివ్ లోకల్ చట్టం, 40 శాతం ఇళ్లను 30 ఏళ్ల పాటు అందుబాటు ధరలో ఉంచేవారికి వాణిజ్య జోన్లలో ఇటువంటి వెసులుబాటే ఇచ్చింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన టెక్సస్ ఎస్‌బీ 840 చట్టం కూడా ఈ కోవలోనిదే, అది పెద్ద నగరాలకు వర్తిస్తుంది. దానిలో నాకు నచ్చింది అది కొలతల దాకా వెళ్లడం: ఎకరాకు 36 ఇళ్ల కంటే తక్కువకు, 45 అడుగుల కంటే తక్కువ ఎత్తుకు నగరం పరిమితి పెట్టకూడదు; ఇంటికి ఒకటికి మించి పార్కింగ్ చోటు అడగకూడదు; 25 అడుగులకు మించి సెట్‌బ్యాక్ కోరకూడదు. అక్షరాన్ని మార్చి అంకెలను వదిలేస్తే ఏమవుతుందో ఆ చట్టం రాసినవారికి తెలుసు.

అలాగని విచారణలన్నీ ఎత్తేసి తలుపులు బార్లా తెరిస్తే చాలునని అనను. ఇంగ్లండ్ 2013లో ఆఫీసు భవనాలను పూర్తిస్థాయి ప్రణాళికా అనుమతి లేకుండానే ఇళ్లుగా మార్చుకోనిచ్చింది. ప్రభుత్వం కోరగా యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు చేసి 2020లో వెలువరించిన అధ్యయనంలో, ఇలా భవనాలను మార్చి తయారు చేసిన ఇళ్లలో జాతీయ విస్తీర్ణ ప్రమాణాన్ని అందుకున్నవి 22 శాతమేనని, పూర్తి అనుమతితో మార్చిన వాటిలో 73 శాతం అందుకున్నాయని తేలింది. సరైన కిటికీ లేని గదులు కూడా ఇళ్లయ్యాయి. అప్పుడు గానీ ప్రభుత్వం కదల్లేదు: 2020లో నివాస గదులన్నిటికీ సహజ వెలుతురు తప్పనిసరి చేసింది, 2021 ఏప్రిల్ నుంచి కనీసం 37 చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు 400 చదరపు అడుగులు ఉండాలంది. అక్కడ లోపించింది విచారణ కాదు, ప్రమాణం. వెలుతురు, విస్తీర్ణం, అగ్ని భద్రత వంటి మనిషికి కావలసిన కొలతలు గట్టిగా ఉండి, కార్లకు సంబంధించిన కొలతలు సడలుగా ఉండాలి. మా నగరం నియమావళిలో ఇది తిరగబడి ఉంది: కారుకు ఎంత చోటు కావాలో అంగుళాలతో సహా రాశారు, పడక గది కిటికీ ఎదురుగా ఎంత ఖాళీ ఉండాలో రాయలేదు.

ఐదు మార్కులకు వేయమంటే సిబ్బంది పనితీరుకు నాలుగు, సమాచారానికి నాలుగు, కౌన్సిల్ దశకు రెండు, తుది ప్రయోజనానికి రెండు వేస్తాను. దరఖాస్తు చేయదలచినవారు ముందు దస్తావేజులోని షరతులు వెతికించుకోవాలి. తరువాత వాస్తుశిల్పి చేత కొత్త జోన్ కొలతలతో ఒక కచ్చా నక్షా గీయించి, ఎన్ని ఇళ్లు పడతాయో తేల్చుకుని, ఆ నక్షాతోనే సంప్రదింపు సమావేశానికి వెళ్లాలి. కొలతలు అడ్డొస్తాయని అక్కడే తేలితే నియమావళి సవరణను గానీ, స్థలానికి ప్రత్యేకంగా కొలతలు రాసుకునే ప్రణాళికాబద్ధ అభివృద్ధి జోన్‌ను గానీ అదే దరఖాస్తులో కోరాలి. రెండవదానికి రుసుము ఎక్కువ, కాగితాలు ఎక్కువ, అయినా ఒకే విచారణతో పని ముగుస్తుంది. మా దరఖాస్తు ప్రస్తుతం పార్కింగ్ మినహాయింపు కోసం సర్దుబాటు బోర్డు ముందు ఉంది. ఇంటికి ఒకటింబావు చొప్పున అడిగాం.